పరికిణీ కట్టి... నిప్పుకొండ ఎక్కి!

పోయినేడు మే నెల. ఎండలు మండిపోతున్నాయి. మామిడికాయ ముక్కలు కొట్టించి తెచ్చుకుని, నేనూ మా పక్కింటి పిన్నిగారూ కూర్చుని జీడి తీసి, గుడ్డతో తుడిచి ఆరబెడుతున్నాం. అంతలో సియాటిల్ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్.

"అమ్మా! వచ్చే ఆదివారం ఇక్కడ మదర్స్ డే. ఆ రోజు మేం నలుగురం అగ్నిపర్వతం ఎక్కుతున్నాం. పైనుంచి మంచు మీద స్కీయింగ్ చేసుకుంటూ దిగుతాం. నువ్వు కుట్టించిన ఆకుపచ్చ పరికిణీ ఉంది చూడూ, అది వేసుకుని మరీ!"

పిన్నిగారి చేతిలో మామిడి ముక్క చేతిలోనే ఉండిపోయింది. "అగ్నిపర్వతం మీద మంచేమిటే? స్కీయింగేమిటే? దానికి పరికిణీ ఏమిటే?" అంటూ మూడు ప్రశ్నలు ఒక్క గుక్కలో అడిగేశారు. అమ్మాయి నవ్వి, "ఆఫీసుకు టైమవుతోంది, తర్వాత చెప్తా" అని పెట్టేసింది.

ఇంకేముంది! ఆ రోజు ఆవకాయలో ఉప్పు రెండుసార్లు పడింది. సియాటిల్ చుట్టుపక్కల రెడ్మండ్, బెల్‌వ్యూ, బాథెల్ లాంటి ఊళ్ళలో మన పిల్లలు ఎంతమంది లేరు! రేపు మీ ఇంటికీ ఇలాంటి ఫోన్ రావచ్చు. అందుకే పిన్నిగారి మూడు ప్రశ్నలకూ జవాబులు తెలుసుకుందాం. ఆవిడ ఆ రోజు అడగడం మర్చిపోయిన నాలుగో ప్రశ్న ఒకటుంది. అసలైనది అదే. దాని సంగతి చివర్లో చెప్తాను.

నిప్పు మీద మంచా?

అమెరికా పడమటి తీరంలో, పసిఫిక్ సముద్రానికి కాస్త లోపలగా, కాస్కేడ్ పర్వతాలు ఉత్తరం నుంచి దక్షిణానికి బారులు తీరి ఉంటాయి. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఐదు పెద్ద అగ్నిపర్వతాలున్నాయి. బేకర్, గ్లేసియర్ పీక్, రెయినియర్, సెయింట్ హెలెన్స్, ఆడమ్స్. అన్నిటికన్నా పెద్దది రెయినియర్. ఎత్తు 14,410 అడుగులు. మబ్బు లేని రోజున సియాటిల్ వీధుల్లోంచి ఆకాశానికి అతికించిన వెండిపళ్ళెంలా కనిపిస్తుంది. అక్కడికి వెళ్ళొచ్చిన అమ్మలందరూ ఆ కొండ ముందు నిలబడి ఫొటో దిగే ఉంటారు. కానీ దాని కడుపులో ఇంకా నిప్పు ఉందని ఎంతమందికి తెలుసు?

సముద్రం మీంచి వచ్చే తడిగాలి ఈ కొండలకు కొట్టుకుని పైకి లేస్తుంది. ఆ ఎత్తులో చల్లబడి మంచుగా కురుస్తుంది. మామూలుగా కాదు సుమా! 1998-99 శీతాకాలంలో బేకర్ కొండకు దగ్గర్లోని స్కీ కేంద్రంలో పడిన మంచు మొత్తం కొలిస్తే 1,140 అంగుళాలు. అంటే 95 అడుగులు! ఒకేసారి అంత మందాన పేరుకుపోయిందని కాదు, సీజనంతా పడింది కూడితే వచ్చిన లెక్క అది. ఎంత ఎండాకాలం వచ్చినా ఆ మంచంతా కరగదు. మిగిలిన దాని మీద మళ్ళీ కొత్తది పడి, ఏళ్ళ తరబడి అదిమి అదిమి గట్టి ఐసుగా మారుతుంది. ఆ ఐసు తన బరువుకు తానే మెల్లమెల్లగా కిందికి జారుతుంటుంది. అదే హిమానీనదం, ఇంగ్లీషులో గ్లేసియర్. ఒక్క రెయినియర్ మీదే రెండు డజన్లకు పైగా ఉన్నాయి. వేడెక్కుతున్న వాతావరణానికి ఇవి ఏటా తరిగిపోతున్నాయి కూడా.

మరి నిప్పు? దానికి సాక్ష్యం సెయింట్ హెలెన్స్. 1980 మే 18, ఆదివారం. పొద్దున్న 8 గంటల 32 నిమిషాలకు భూమి కంపించింది. కొండ ఉత్తరపు పక్క మొత్తం విరిగి జారిపోయింది. లోపలున్న వేడి, ఆవిరి, బూడిద ఒక్కసారిగా పక్కకు చిమ్మాయి. 57 మంది చనిపోయారు. 9,677 అడుగుల కొండ, ఆ ఒక్క పూటతో సుమారు 1,300 అడుగులు తరిగిపోయింది. ఇప్పుడది ఒక పక్క అంచు విరిగిపోయిన గిన్నెలా ఉంటుంది. చిత్రమేమిటంటే, ఆ గిన్నె లోపల నీడపట్టున మంచు చేరి, ఆ తర్వాతి ఏళ్ళలో కొత్త గ్లేసియర్ ఒకటి పుట్టింది! నిప్పు బయటికొచ్చిన చోటే ఐసు ఊయల కట్టుకుందన్న మాట.

స్కీలతో ఎక్కడమా?

సినిమాల్లో మనం చూసే స్కీయింగ్‌లో కుర్చీ లాంటి లిఫ్టు ఉంటుంది. అందులో కూర్చుని పైకి వెళ్తారు, జారుతూ కిందికొస్తారు. చుట్టూ కాపలాదార్లు, జెండాలు, కాఫీ హోటళ్ళు. అమ్మాయి చెప్పింది అది కాదు. ఇది బ్యాక్‌కంట్రీ స్కీయింగ్. లిఫ్టు లేదు, కాపలా లేదు, చదును చేసిన దారీ లేదు. కాళ్ళతో ఎక్కాలి, సొంత తెలివితో దిగాలి.

జారే చెక్కలతో పైకెలా ఎక్కుతారంటారా? పిల్లి వీపు నిమిరి చూడండి. తల నుంచి తోకవైపు నిమిరితే చెయ్యి నున్నగా జారుతుంది. ఎదురు నిమిరితే వెంట్రుకలు అడ్డం పడతాయి. సరిగ్గా అదే కిటుకు! స్కీల అడుగున అలాంటి నూగు ఉన్న పట్టీ అతికిస్తారు. 'స్కిన్' అంటారు దాన్ని. పూర్వం సీలు అనే సముద్రజంతువు తోలు వాడేవారట, ఆ పేరు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు నైలానుతోనో, మేక బొచ్చుతోనో చేస్తున్నారు. ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కి జారబోతే పట్టుకుంటుంది. పైకి చేరాక పట్టీ ఊడదీసి, మడిచి సంచీలో పెట్టుకుంటారు. ఇక దిగడమే.

ఇలాంటి దారులు అక్కడ చాలా ఉన్నాయి. సెయింట్ హెలెన్స్ మీద శీతాకాలపు దారి పేరు వార్మ్ ఫ్లోస్. పాత లావా గడ్డకట్టిన రాతి గట్ల పేరది. సుమారు 2,700 అడుగుల ఎత్తులో కారు దిగి, 5,700 అడుగులు ఎక్కాలి. రానూపోనూ 12 మైళ్ళు. తిరుమల కొండ కాలినడకన ఎక్కినవాళ్ళు ఒక్కసారి మోకాళ్ళు తడుముకుని ఆలోచించండి! ఆడమ్స్ కొండకు దక్షిణం వైపు నుంచి దారి. పెద్ద పగుళ్ళున్న గ్లేసియర్లు అడ్డం రావు కానీ, శిఖరం చేరేసరికి 12,276 అడుగులు. దీనికో కొంటెతనం ఉంది. 'హమ్మయ్య, వచ్చేశాం' అనుకున్న చోట నిలబడి చూస్తే అసలు శిఖరం ఇంకా అవతల కనిపిస్తుంది! రెయినియర్ మీద పేరడైజ్ అనే చోటి నుంచి క్యాంప్ మ్యూర్ వరకు పెద్ద మంచు మైదానం. అది దాటితే అసలు గ్లేసియర్లే.

పేరడైజ్ అంటే స్వర్గం కదా! ఆ కొండ కింద కాపురమున్న లాంగ్‌మైర్ కుటుంబంలోని ఒక ఇల్లాలు, అక్కడి పూలమైదానం మొదటిసారి చూసి, "ఎంత స్వర్గం!" అందట. అదే పేరు స్థిరపడిపోయింది.

ఇక వేళ సంగతి. వసంతకాలంలో ఈ కొండల మీద స్కీయింగ్ అంతా టైము లెక్కే. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న గుర్తు తెచ్చుకోండి. తీసిన వెంటనే చాకు దిగదు. కాసేపటికి రొట్టె మీద చక్కగా పరుచుకుంటుంది. మర్చిపోయి వదిలేస్తే నీరుకారిపోతుంది. మంచూ అంతే. రాత్రి గడ్డకట్టి, పొద్దున అద్దంలా ఉంటుంది. ఎండ తగిలి పైపొర కాస్త మెత్తబడినప్పుడు జారితే హాయి. ఆలస్యమైతే తడిసి ముద్దయి, మొత్తం పొరే ఊడి కిందికి జారవచ్చు. అందుకే వీళ్ళు తెల్లవారుజామున మూడింటికే తలకు దీపాలు కట్టుకుని బయలుదేరతారు.

మరి పరికిణీ?

దీనికి ముందు వందేళ్ళు దాటి వెనక్కి వెళ్ళాలి. 1890 ఆగస్టు 10న రెయినియర్ శిఖరం మీద మొట్టమొదటి స్త్రీ నిలబడింది. పేరు ఫే ఫుల్లర్. ఇరవై ఏళ్ళ పంతులమ్మ. వెంట నలుగురు మగవాళ్ళు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు నేల ఈడ్చే గౌనులు తొడుక్కునేవారు. ఆ గౌనుతో మంచు కొండ ఎక్కడం జరిగే పనేనా? అందుకని లాగు లాంటి వదులు దుస్తులు కుట్టించుకుని వేసుకుంది. ఆ కాలంలో అదే పెద్ద తప్పు. మంచు మీద ఎండ మెరుపుకు తట్టుకోవడానికి మొహానికి బొగ్గు పూసుకుంది. పైకి చేరాక పొద్దుపోయింది. ఆ రాత్రి శిఖరం మీది బిలంలోనే, భూమిలోంచి వచ్చే ఆవిరి వెచ్చదనం దగ్గర గడిపారు. కింద నిప్పు, పైన మంచు, మధ్యలో ఒక పంతులమ్మ!

ఇప్పుడు 1987కి రండి. పేలుడు తర్వాత ఏడేళ్ళు మూసి ఉంచిన సెయింట్ హెలెన్స్‌ను ఎక్కడానికి ఆ ఏడు మళ్ళీ అనుమతి ఇచ్చారు. కేథీ ఫిబ్స్ అనే పర్వతారోహకురాలు తన స్నేహితురాళ్ళతో కలిసి ఆ కొండెక్కింది. ఎలాగనుకున్నారు? ఎర్రటి గౌను వేసుకుని! ఆ సరదాయే ఆనవాయితీ అయింది. ఇప్పుడు ప్రతి మే నెల రెండో ఆదివారం, అంటే మదర్స్ డే నాడు, జనం రంగురంగుల గౌనులు, లంగాలు వేసుకుని ఆ కొండెక్కుతారు. మగవాళ్ళు కూడా! మీసాల ఆయన పూలగౌను వేసుకుని స్కీలు భుజాన పెట్టుకుని వెళ్తుంటే ఎంత సందడిగా ఉంటుందో ఊహించుకోండి. లోపల చలి దుస్తులు మామూలే, పైన మాత్రం గౌను. కొందరు శిఖరం నుంచి అమ్మకు ఫోన్ చెయ్యాలని చూస్తారు.

గౌను వద్దని లాగు వేసుకున్నందుకు ఒకామె మాట పడింది. దాదాపు వందేళ్ళకు, ఇంకొకామె కోరి గౌను వేసుకుని నవ్వుతూ ఎక్కింది. ఏ బట్ట వేసుకోవాలో తామే నిర్ణయించుకున్నారు ఇద్దరూ. అందులో మన ఆకుపచ్చ పరికిణీ చేరితే తప్పేముంది చెప్పండి?

కానీ కేథీ కథ అక్కడితో అయిపోలేదు. 1991లో అదే రాష్ట్రంలోని డ్రాగన్‌టెయిల్ అనే శిఖరం మీద ప్రమాదంలో ఆమె ప్రాణం కోల్పోయింది. కొండకు వచ్చినవాళ్ళు కొత్తవాళ్ళా, పాతవాళ్ళా అన్న పట్టింపు ఉండదు.

చూరు, బావి, పొగమంచు

ప్రమాదాలు ఏమిటో తెలియకుండా భయపడటం కన్నా, తెలుసుకుని జాగ్రత్తపడటం మేలు కదా.

మొదటిది చూరు. శిఖరపు అంచు దగ్గర గాలి మంచును తోసి తోసి అవతలివైపు చూరులా పేరుస్తుంది. పైనుంచి చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది, కింద ఖాళీ గాలి! సెయింట్ హెలెన్స్ అంచున ఇలాంటి చూరు విరిగి, 2010లో ఒకరు, 2024లో ఒకరు బిలంలోకి పడి చనిపోయారు. ఇద్దరూ ఆ కొండ ఎరిగినవాళ్ళే. లోపలికి తొంగిచూడాలన్న సరదాను చంపుకుని, అంచుకు చాలా దూరంగా ఆగడమే దీనికి మందు.

రెండోది బావి. గ్లేసియర్ కదులుతుంది కనుక దానికి పగుళ్ళు పడతాయి. వాటి మీద పలుచగా మంచు కప్పేస్తుంది. పాడుబావి మీద తాటాకులు కప్పినట్టే. రెయినియర్, బేకర్ లాంటి కొండల గ్లేసియర్ల మీద అందుకే ఒకరికొకరు తాడు కట్టుకుని నడుస్తారు. పడినవాళ్ళను పైకి లాగడం ముందే నేర్చుకుని ఉండాలి.

మూడోది పొగమంచు. కింద మంచు తెలుపు, పైన మబ్బు తెలుపు, ఎటు చూసినా పాలగిన్నెలో పడ్డట్టే. రెయినియర్ మీది మ్యూర్ మైదానం ఎండ ఉన్నప్పుడు తేలిక. మబ్బు కమ్మితే అదే మనిషిని దారి తప్పించి పక్కనున్న గ్లేసియర్ల వైపు తీసుకుపోతుంది. 1934లో ఇక్కడ సిల్వర్ స్కీస్ అనే పందెం మొదలుపెట్టారు. పైనుంచి కిందికి ఎవరు ముందు జారితే వారిదే గెలుపు. 1939లో రెయినియర్‌ను స్కీలతో మొదటిసారి ఎక్కిన వీరుడు సిగర్డ్ హాల్. మరుసటి ఏడే, 1940లో, ఆ పందెంలో పొగమంచు కమ్మి బండరాళ్ళకు కొట్టుకుని పోయాడు. శిఖరం ఎక్కినవాడిని సగం దారిలోని మంచు మైదానం తీసుకుపోయింది.

నాలుగోది హిమపాతం, అంటే కొండ మీది మంచు ఒక్కసారిగా ఊడి కిందికి దూసుకురావడం. దాని కింద కూరుకుపోయినవాళ్ళకు మొదటి పది పదిహేను నిమిషాలే ప్రాణం. బయటినుంచి సాయం వచ్చేలోపు ఆ టైము అయిపోతుంది. పక్కనున్న స్నేహితుడే దేవుడు. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా మూడు వస్తువులు ఉండాలి. కూరుకుపోయినవాళ్ళు ఎక్కడున్నారో సంకేతంతో తెలిపే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, తవ్వే పార. ఒక్కరి దగ్గర ఉంటే చాలదు, అందరి దగ్గరా ఉండాలి. శీతాకాలమంతా అక్కడి హిమపాత కేంద్రం రోజూ ప్రమాదం ఎంత ఉందో ఐదు మెట్లలో చెప్తుంది.

పిన్నిగారు ఏం చేశారంటే...

ఇదంతా విన్నాక ఏ తల్లయినా "వద్దు, వెళ్ళొద్దు" అనేస్తుంది. పిన్నిగారూ అలాగే అనబోయారు. నేనే ఆపాను. "పాతికేళ్ళ పిల్ల. వద్దంటే మానేస్తుందా? ఈసారికి సరే అంటుంది. మరోసారి మనకు చెప్పకుండా వెళ్తుంది. చెప్పకుండా వెళ్ళిన పిల్ల ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం పాత క్యాలెండర్ కాగితం వెనక ప్రశ్నలు రాసుకుని, మర్నాడు అమ్మాయికి ఫోన్ చేశారు. ఆ నాలుగో ప్రశ్న కూడా అడిగారు. "ఎన్ని గంటలకు వెనక్కి తిరుగుతావు?"

"ఎన్నింటికి పైకి చేరతావు" అని కాదు, గమనించండి. కొండ మీద ప్రాణం నిలబెట్టే లెక్క అదే. శిఖరం చేరినా చేరకపోయినా, ఫలానా టైముకు వెనక్కి తిరగాలని కిందే, మనసు చల్లగా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. పైన అలసట, ఆశ కలిసి "ఇంకొంచెమే కదా" అనిపిస్తాయి. ఆ 'ఇంకొంచెం' దగ్గరే చాలామంది చిక్కుకుంటారు.

అమ్మాయి కాసేపు ఆగి, "మధ్యాహ్నం ఒంటిగంట అనుకుందామమ్మా" అంది. అప్పటిదాకా వాళ్ళు నలుగురూ ఆ టైము పెట్టుకోనేలేదట!

వాళ్ళ టైము మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక. వాళ్ళ ఒంటిగంట అంటే మనకు అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. ఆ రాత్రి పిన్నిగారు పడుకోలేదు. దీపం పెట్టుకుని కూర్చున్నారు. తోడుగా నేనూ కూర్చున్నాను. పొద్దున్న ఏడు దాటాక ఫోన్ మోగింది.

"అమ్మా, కిందికొచ్చేశాం. పైదాకా వెళ్ళలేదు. ఒంటిగంటకు ఇంకా మూడొందల అడుగులుంది. మబ్బు కూడా వస్తోంది. వాళ్ళు వెళ్దామన్నారు. మా అమ్మకు మాటిచ్చానని చెప్పా. అందరం తిరిగేశాం. దిగడం మాత్రం... అబ్బ, ఏం చెప్పను! పరికిణీ అంచు మాత్రం స్కీలో పడి చిరిగిపోయింది."

పిన్నిగారు కళ్ళు తుడుచుకుని అన్నారు. "చిరిగితే చిరిగింది. వచ్చేటప్పుడు తీసుకురా, కుట్టిస్తాను. వచ్చే ఏడు మళ్ళీ వేసుకుందువుగాని."

ఫోన్ దగ్గర అంటించుకోండి: పిల్లలు మంచు కొండకు వెళ్తుంటే అడగాల్సినవి

1. ఏ కొండ, ఏ దారి? కారు ఎక్కడ పెడతారు? మెసేజ్‌లో రాసి పంపమనండి. సెయింట్ హెలెన్స్ మీద 4,800 అడుగులు దాటి ఎక్కాలంటే పర్మిట్ ఉండాలి, తీసుకున్నారా?

2. ఎంతమంది వెళ్తున్నారు? ట్రాన్సీవర్, కడ్డీ, పార అందరి దగ్గరా ఉన్నాయా? వాడటం నేర్చుకున్నారా? గ్లేసియర్ అయితే తాడు, దానితో మనిషిని లాగడం వచ్చినవాళ్ళు ఉన్నారా?

3. వాతావరణం, హిమపాతం సూచనలు చూశారా? బాగాలేకపోతే మానుకోవడానికి నలుగురూ సిద్ధమేనా?

4. ఎన్ని గంటలకు వెనక్కి తిరుగుతారు? ఆ గంట నలుగురికీ తెలుసా?

5. ఎన్నింటిలోగా ఫోన్ రాకపోతే కంగారుపడాలి? అక్కడే ఉండే స్నేహితులెవరికైనా ఈ వివరాలు ఇచ్చారా? కొండల్లో చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు కనుక కాస్త ఆలస్యం సహజం. చెప్పిన టైము దాటితే మాత్రం ఆ స్నేహితులు 911కు ఫోన్ చెయ్యాలి. వెతికే పని అక్కడి షెరీఫ్ చూస్తారు. రెయినియర్ లాంటి నేషనల్ పార్కులో అయితే రేంజర్లు.

6. నల్లద్దాలు, సన్‌స్క్రీన్ పెట్టుకున్నారా? మంచు మీద ఎండ కిందినుంచి కూడా కొడుతుంది. కళ్ళు మండి చూపు ఆనదు, ముక్కు కింద, గడ్డం కింద కూడా చర్మం కాలుతుంది.

7. తినడానికేం తీసుకెళ్తున్నారు? పల్లీపట్టి మంచిదే కానీ చలికి రాయిలా బిగుసుకుంటుంది. చిన్న ముక్కలుగా చేసి, కోటు లోపలి జేబులో పెట్టుకోమనండి. ఫ్లాస్కులో వేడివేడి చారు ఉంటే అమ్మ పక్కనున్నట్టే!